మారుమూల జాతుల మాటకు నూరేళ్లు దాటిన కొలువు ‘ఆంత్రోపోస్’

జైనూర్: కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని మార్లవాయి గ్రామంలో హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు ఉన్నాయి. ఏటా జనవరిలో రాజ్‌గోండులు అక్కడికి చేరుకుని తమ సంప్రదాయం ప్రకారం పూజలు చేసి నివాళులర్పిస్తారు. ఎక్కడో ఐరోపాలోని వియన్నా నగరంలో పుట్టిన మనిషికి ఈ అడవి పల్లెతో బంధం ఎలా ఏర్పడింది? ఆయనకు విద్య నేర్పిన గురువులెవరు? గిరిజనుల ఆచారాలను, భాషలను అక్షరబద్ధం చేయాలన్న ఆలోచన అక్కడివారికి ఎందుకు కలిగింది? ఈ ప్రశ్నల వెంట వెళితే దారి వియన్నా పొరుగున ఉన్న మోడ్లింగ్ పట్టణానికి, అక్కడ 1906లో ప్రారంభమైన ‘ఆంత్రోపోస్’ అనే పరిశోధన పత్రికకు చేరుతుంది. గ్రీకు భాషలో ఈ మాటకు ‘మనిషి’ అని అర్థం. ఈ పత్రిక, దాని వెనుక ఉన్న పరిశోధన సంస్థ సాగించిన కృషికి మన ప్రాంతపు గిరిజనుల చరిత్రతోనూ సంబంధం ఉండటం విశేషం.

పత్రిక పుట్టుక

ఆంత్రోపోస్ వ్యవస్థాపకుడు విల్హెల్మ్ ష్మిట్. 1868లో జర్మనీలోని హోర్డే పట్టణంలో జన్మించారు. హాలండులోని స్టైల్ గ్రామంలో 1875లో ఏర్పడిన ‘దివ్యవాక్కు సమాజం’ అనే కేథలిక్ మిషనరీ సంఘంలో చేరి 1892లో గురుపట్టం పొందారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో సెమిటిక్ భాషలు అభ్యసించిన అనంతరం 1895 నుంచి మోడ్లింగ్‌లోని సెయింట్ గాబ్రియేల్ మిషనరీ విద్యాలయంలో అధ్యాపకుడిగా పనిచేశారు.

ఆయన శిష్యులు చదువు ముగించుకుని న్యూగినీ, ఆఫ్రికా, చైనా వంటి సుదూర ప్రాంతాలకు వెళ్లేవారు. అక్కడ ఏళ్ల తరబడి స్థానికుల మధ్య నివసించి వారి భాష నేర్చుకునేవారు. పెళ్లి, చావు, పంట, వేట, పూజ ఏదైనా కళ్లారా చూసేవారు. విశ్వవిద్యాలయాల్లోని ఆచార్యులకు ఆ రోజుల్లో అంతటి అవకాశం లేదు. అయితే మిషనరీలు చూసినది వారి ఉత్తరాల్లోనో, డైరీల్లోనో మరుగున పడిపోయేది. ఆ సమాచారాన్ని శాస్త్ర పద్ధతిలో రాయించి, ప్రచురించి, పండితుల ముందు ఉంచేందుకు ష్మిట్ ఈ పత్రికను నెలకొల్పారు. జాతుల అధ్యయనానికి, భాషాశాస్త్రానికి అంతర్జాతీయ పత్రిక అని తొలి నుంచే ప్రకటించుకున్నారు. రచయితల్లో మొదట మిషనరీలే ఎక్కువైనా, క్రమంగా మతంతో నిమిత్తం లేకుండా అన్ని దేశాల పరిశోధకులకూ ఇది వేదికైంది.

లిపి లేని భాషలకు అక్షరమాల

పత్రిక నడిపే వారికి ఆదిలోనే ఒక చిక్కు ఎదురైంది. లిపి లేని భాషలోని మాటను ఫ్రెంచి మిషనరీ ఒక విధంగా, జర్మన్ మిషనరీ మరో విధంగా రాసేవారు. ఒకే మాట రెండు వ్యాసాల్లో రెండు రూపాల్లో కనిపిస్తే భాషలను పోల్చి చూడటం అసాధ్యం. ఈ లోటు తీర్చేందుకు ష్మిట్ 1907లో రోమన్ అక్షరాలకు గుర్తులు చేర్చి ఒక ధ్వని లిపిని రూపొందించారు. ‘ఆంత్రోపోస్ అక్షరమాల’గా పేరొందిన ఈ పద్ధతిని పత్రికలో చాలాకాలం అనుసరించారు.

ఈ సమస్య మనవారికి కొత్తది కాదు. సవర భాషలో గొంతు బిగబట్టి గాలిని ఒక్కసారిగా ఆపి పలికే ధ్వని ఉంది. తెలుగు అక్షరాల్లో అది ఒదగదు. గోండి, కొలామి మాటలను తెలుగులో రాసే ఉపాధ్యాయులకు నేటికీ ఇటువంటి ఇబ్బందులు తప్పడం లేదు.

శ్రీకాకుళం కొండల నుంచి కంబోడియా దాకా

పత్రిక ప్రారంభమైన 1906లోనే ష్మిట్ వెలువరించిన మోన్-ఖ్మేర్ జాతుల గ్రంథం భాషాశాస్త్రంలో ఒక మైలురాయి. బర్మాలోని మోన్, కంబోడియాలోని ఖ్మేర్, మేఘాలయలోని ఖాసీ, నికోబారీ భాషలకు, మన దేశంలోని ముండా భాషలకు చుట్టరికం ఉందని ఆయన అందులో సవివరంగా చూపారు. అంతకుముందే కొందరు ఈ సంబంధాన్ని ఊహించినా, దానికి పటిష్ఠమైన రూపం ఇచ్చినది ఆయనే. ఈ కుటుంబానికి ‘ఆస్ట్రోఏషియాటిక్’ అని ఆయన పెట్టిన పేరే నేటికీ పాఠ్యపుస్తకాల్లో వాడుకలో ఉంది. పసిఫిక్ దీవుల భాషలను కూడా కలిపి ఇంకా పెద్ద కుటుంబం ఒకటుందన్న ఆయన ప్రతిపాదన మాత్రం సాధారణ అంగీకారం పొందలేదు.

ఉత్తరాంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లోని సవరల భాష, గదబల్లో ఒక శాఖవారు మాట్లాడే గుతోబ్ భాష ఈ ముండా విభాగానికే చెందుతాయి. గోండి, కోయ, కొలామి, కువి భాషలు అలా కాక తెలుగుతో పాటు ద్రావిడ కుటుంబంలోనివి. అడవి బిడ్డలందరి భాషలూ ఒకటేనని భావించే మైదాన ప్రాంతవాసులు తెలుసుకోవలసిన సంగతి ఇది. శ్రీకాకుళం సవర మాట్లాడే మాటకు తెలుగు కంటే కంబోడియా భాషే దగ్గరి చుట్టం.

ఐరోపాలో ష్మిట్ గ్రంథాలను ముందుంచుకుని భాషలను పోలుస్తున్న కాలంలోనే పర్లాకిమిడిలో గిడుగు వేంకట రామమూర్తి సవరల నుంచి నేరుగా వారి భాషను నేర్చుకున్నారు. సవర పిల్లల చదువుకు కృషి చేశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లిషు నిఘంటువు 1938లో మద్రాసులో అచ్చయ్యాయి. ఒకరు దూరాన కూర్చుని భాషల చుట్టరికం తేల్చగా, మరొకరు ఆ భాష మాట్లాడేవారి మధ్యనే ఉండి దానికి వ్యాకరణం రాశారు. ఒకరి కృషి లేనిదే మరొకరిది సంపూర్ణం కాదు.

సంస్థ స్థాపన, వలస

పాతికేళ్లపాటు పత్రిక చుట్టూ అల్లుకున్న పరిశోధక బృందానికి 1931లో స్థిరరూపం వచ్చింది. సెయింట్ గాబ్రియేల్ కేంద్రంగా ‘ఆంత్రోపోస్ ఇన్‌స్టిట్యూట్’ ఏర్పాటైంది. అప్పటికే ష్మిట్ పేరు ఐరోపా అంతటా మారుమోగుతోంది. రోమ్‌లో పోప్ 11వ పయస్ స్థాపించిన మిషనరీ మానవశాస్త్ర మ్యూజియానికి తొలి డైరెక్టర్ కూడా ఆయనే.

సంస్థ ఏర్పడి పదేళ్లయినా గడవక ముందే కష్టకాలం దాపురించింది. 1938 మార్చిలో హిట్లర్ సేనలు ఆస్ట్రియాను ఆక్రమించాయి. కేథలిక్ సంస్థలపై నాజీల ఒత్తిడి పెరగడంతో ష్మిట్ దేశం విడిచిపెట్టారు. సంస్థ స్విట్జర్లాండులోని ఫ్రిబూర్ నగర సమీపాన ఉన్న ఫ్రువాడ్‌విల్‌కు తరలిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం ఉద్ధృతంగా సాగిన 1942-45 సంవత్సరాల సంపుటాలను విడివిడిగా తేలేక ఒకే సంపుటంగా కలిపి వెలువరించారు. పత్రికను మాత్రం మూసివేయలేదు. 1954లో ష్మిట్ ఫ్రిబూర్‌లోనే కన్నుమూశారు. 1962లో సంస్థ జర్మనీలోని బాన్ సమీప పట్టణం సాంక్ట్ ఆగస్టిన్‌కు మారి అక్కడ స్థిరపడింది.

క్షేత్రానికి వెళ్లినవారు

ష్మిట్ ప్రధానంగా గ్రంథాలయ పండితుడు. ఆయన సహచరులు మాత్రం అడవులకు, మంచు దీవులకు వెళ్లారు. పౌల్ షెబెస్టా మలయా అడవుల్లోని సెమాంగ్‌ల మధ్య, తర్వాత కాంగోలోని ఇటూరి అడవుల్లో పిగ్మీల మధ్య పరిశోధన చేశారు. మార్టిన్ గుసిండే 1918-24 మధ్య నాలుగు పర్యాయాలు దక్షిణ అమెరికా కొసన ఉన్న తియెర్రా దెల్ ఫ్యూగో దీవులకు వెళ్లారు.

ఆ దీవుల్లోని సెల్క్‌నామ్ జాతి గాథ హృదయ విదారకం. గొర్రెల పెంపకం కోసం భూములు ఆక్రమించిన వలసదారుల తుపాకులకు, వారు మోసుకొచ్చిన రోగాలకు ఆ జాతి కొద్ది దశాబ్దాల్లోనే దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. గుసిండే వెళ్లేనాటికి మిగిలినవారు కొద్దిమందే. యువకులను పెద్దల్లో చేర్చుకునే ‘హైన్’ అనే రహస్య క్రతువును 1923లో వారు ఆయనను చూడనిచ్చారు. ఒళ్లంతా రంగుల చారలు పూసుకుని దేవతల వేషాలు కట్టిన మనుషుల ఛాయాచిత్రాలు ఆయన తీసినవే. సెల్క్‌నామ్‌లపై ఆయన రాసిన బృహద్గ్రంథం 1931లో మోడ్లింగ్‌లోనే అచ్చయింది. ఆ జాతి అంతరించిందని లోకం చాలాకాలం చెప్పుకుంది. వారి వారసులు మాత్రం తాము ఉన్నామంటూ పోరాడారు. 2023లో చిలీ దేశం సెల్క్‌నామ్‌లను ఆదివాసీ జాతిగా చట్టబద్ధంగా గుర్తించింది. తాతముత్తాతల ఆచారాలను తెలుసుకోగోరే ఆ వారసులకు గుసిండే రాతలు, ఫొటోలు నేడు ప్రధాన ఆధారాల్లో ఒకటి. జాతుల సమాచారాన్ని సకాలంలో నమోదు చేయడం ఎంత అవసరమో చెప్పేందుకు ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

భారతదేశంలో శాఖ

ష్మిట్ ప్రధాన సహచరుడు విల్హెల్మ్ కాపర్స్ వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర ఆచార్యుడు. కొన్నేళ్లపాటు పత్రిక సంపాదకత్వం కూడా నిర్వహించారు. 1938లో నాజీల రాకతో పదవి కోల్పోయి భారతదేశానికి వచ్చి, మధ్యభారతంలోని భిల్లుల మధ్య పరిశోధన సాగించారు. భిల్లులపై ఆయన గ్రంథం 1948లో వెలువడింది.

ఈ పరంపరలో మన దేశంలో ఎక్కువ కాలం పనిచేసినది స్టీఫెన్ ఫుక్స్. 1908లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో జన్మించిన ఆయన 1934లో భారత్ చేరారు. నిమాడ్ ప్రాంతంలోని దళిత కులమైన బలాహీల జీవితంపై 1950లో, మధ్యప్రదేశ్ మండ్లా జిల్లా గోండులు, భూమియాలపై 1960లో గ్రంథాలు ప్రచురించారు. దేశంలో గిరిజన, దళిత వర్గాల్లో తలెత్తిన తిరుగుబాట్లను, వాటికి నాయకత్వం వహించిన సాధుపురుషులను గురించి 1965లో మరో పుస్తకం రాశారు. 1950లో ముంబయిలో ఆంత్రోపోస్ ఇన్‌స్టిట్యూట్ భారత శాఖను నెలకొల్పారు. తర్వాతి కాలంలో అది ‘ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ కల్చర్’ పేరుతో అంధేరిలో కొనసాగింది. 2000లో ఫుక్స్ మరణించారు.

ఆదిలాబాద్‌తో లంకె

క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఈ మిషనరీ సంఘ సభ్యుడు కాదు. కానీ చదువుకున్నది మాత్రం ష్మిట్, కాపర్స్‌ల ప్రభావం బలంగా ఉన్న వియన్నాలోనే. ఆగ్నేయాసియా సరిహద్దు కొండజాతులపై ఆయన తొలినాటి జర్మన్ వ్యాసం ఒకటి 1934లో ఆంత్రోపోస్‌లోనే అచ్చయింది. అప్పటికి ఆయన భారతదేశాన్ని చూడలేదు. పుస్తకాల ఆధారంగానే రాశారు. తర్వాత లండన్‌లో మాలినోవ్‌స్కీ వద్ద క్షేత్ర పరిశోధన పద్ధతులు తెలుసుకుని, 1936లో నాగా కొండలకు వచ్చి కోన్యాక్ నాగాల మధ్య నివసించారు. దూరం నుంచి పోల్చడం కాక, మనుషుల మధ్య ఉండి అర్థం చేసుకోవాలన్న మార్పు ఆయనలో ఇక్కడే స్థిరపడింది.

1939లో యుద్ధం మొదలైనప్పుడు హైమన్‌డార్ఫ్ భారత్‌లో ఉన్నారు. ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోయినందున బ్రిటిష్ వారి దృష్టిలో ఆయన శత్రుదేశ పౌరుడు. హైదరాబాద్ సంస్థానంలో ఉండేందుకు అనుమతించారు. ఆ నిర్బంధమే మనకు మేలు చేసింది. నల్లమల చెంచులు, గోదావరి తీర కొండరెడ్లు, ఆదిలాబాద్ రాజ్‌గోండులపై ఆయన గ్రంథాలు వరుసగా 1943, 1945, 1948లో వెలువడ్డాయి.

1940లో జోడేఘాట్ వద్ద కుమురం భీం అమరుడైన అనంతరం గోండుల అశాంతికి కారణాలు తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి కలిగింది. మార్లవాయిలో మకాం వేసిన హైమన్‌డార్ఫ్ భూమి చేజారడమే మూలకారణమని గుర్తించారు. పట్టాల పంపిణీకి సిఫారసు చేశారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. గోండి నేర్చిన అధికారి సేతుమాధవరావు పగడి ఈ కృషిలో పాలుపంచుకుని, తర్వాత గోండి వ్యాకరణం రాశారు. పట్టాలు పొందిన భూములు మళ్లీ అన్యుల పాలవుతున్న తీరును హైమన్‌డార్ఫ్ 1982లో ప్రచురించిన గ్రంథంలో ఆవేదనతో వివరించారు. భార్య ఎలిజబెత్ 1987లో, ఆయన 1995లో మరణించారు.

వీగిన సిద్ధాంతం, నిలిచిన సమాచారం

ఆంత్రోపోస్ చరిత్రలో మెచ్చుకోదగినవే కాదు, విమర్శించదగినవీ ఉన్నాయి. అతి ప్రాచీన మానవులందరూ మొదట ఒకే దేవుణ్ని కొలిచారని, బహుదేవతారాధన తర్వాత వచ్చిందని ష్మిట్ వాదించారు. దీన్ని నిరూపించేందుకు 12 సంపుటాల బృహద్గ్రంథం రాశారు. సంస్కృతులు కొన్ని మూల కేంద్రాల నుంచి వలయాలుగా వ్యాపించాయన్నది ఆయన మరో సిద్ధాంతం. మత విశ్వాసమే ముందుగా నిర్ణయించిన జవాబుకు ఆధారాలు వెతికారన్న విమర్శ వచ్చింది. ష్మిట్ మరణించిన కొద్దికాలానికే వియన్నాలోని ఆయన వారసులే ఆ సిద్ధాంతాలను వదులుకున్నారు. యూదులపై ఆయన వెలిబుచ్చిన ద్వేషపూరిత అభిప్రాయాలను కూడా తర్వాతి పరిశోధకులు తప్పుపట్టారు. మతప్రచారం కోసం వెళ్లినవారే ఆ మతాలను గురించి రాయడం ఎంతవరకు నిష్పాక్షికమన్న ప్రశ్న సహేతుకమైనదే.

అయినా ఒక సంగతి గమనించాలి. సిద్ధాంతాలు వీగిపోయాయి కానీ, వాటి కోసం సేకరించిన పదాలు, కథలు, క్రతువుల వర్ణనలు, ఫొటోలు నిలిచాయి. సిద్ధాంతాన్ని పక్కనపెట్టి సమాచారాన్ని జాగ్రత్తగా పరీక్షించి వాడుకోవడం నేటి పరిశోధకుల పద్ధతి.

ఏ భాషలో రాయాలి?

తొలి సంపుటాల్లో జర్మన్, ఫ్రెంచి, ఇంగ్లిషుతో పాటు మరికొన్ని ఐరోపా భాషల్లోనూ వ్యాసాలు వచ్చేవి. ఎవరికి చేతనైన భాషలో వారు రాయవచ్చునన్నది నియమం. ప్రస్తుతం ఇంగ్లిషు, జర్మన్, ఫ్రెంచి భాషల్లో వ్యాసాలు స్వీకరిస్తున్నారు. రాను రాను ఇంగ్లిషుదే పైచేయి అవుతోంది. దీనివల్ల పాఠకులు పెరిగినా, పాత జర్మన్ వ్యాసాలు చదవగలిగేవారు తగ్గిపోతున్నారు. మధ్యభారతపు భిల్లుల గురించి, నాగాల గురించి జర్మన్‌లో ఉన్న విలువైన సమాచారం వారి మనవళ్లకు అందని ద్రాక్షగానే మిగిలింది.

భాషలు రెండైనా మూడైనా, ఎవరిని గురించి రాశారో వారి భాష అందులో లేకపోవడం అసలు లోటు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవారు దాదాపు 30 లక్షలు. వారి గురించి ఇంగ్లిషులో, జర్మన్‌లో రాసినంత గోండిలో రాయలేదు.

నేటి స్వరూపం

పత్రిక ఏడాదికి రెండు సంచికలుగా వెలువడుతోంది. ప్రధాన వ్యాసాలు, చిన్న నివేదికలు, వ్యాఖ్యలతో పాటు పుస్తక సమీక్షలకు పెద్దపీట వేయడం దీని ప్రత్యేకత. ప్రచురణకు ముందు వ్యాసాలను విషయ నిపుణులు పరిశీలిస్తారు. పాత సంపుటాలు ‘జేస్టోర్’ అనే డిజిటల్ భాండాగారంలో లభిస్తున్నాయి. సంస్థ విడిగా గ్రంథమాలలనూ ప్రచురిస్తోంది. సంస్థ సభ్యులు దివ్యవాక్కు సమాజానికి చెందిన పరిశోధకులే అయినా, పత్రికలో రాసేవారికి ఆ నిబంధన లేదు.

మన చేతిలోని పని

మన రాష్ట్రంలో ఈ తరహా కృషికి వేదికగా హైదరాబాద్‌లో 1963లో గిరిజన సంస్కృతి పరిశోధన, శిక్షణ సంస్థ ఏర్పడింది. హైమన్‌డార్ఫ్ తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ సంస్థ డిజిటల్ సేకరణల్లో ఉన్నాయి. ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవారు ఆనాటి మార్లవాయి దృశ్యాలను ఇంటి నుంచే చూడవచ్చు.

నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో గోండి లిపిలో ఉన్న రాతప్రతులు వెలుగుచూడటం, 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దక్కడం ఇటీవలి శుభ పరిణామాలు. లిపి లేని భాషలని పండితులు జాలిపడి అక్షరమాలలు తయారుచేసిన కాలంలోనూ, ఒక గోండు గ్రామంలో సొంత లిపి గుట్టుగా బతికే ఉందన్నమాట. అక్షరం ఉంది, చదువుకున్న గోండు, కొలాం, సవర యువత ఉన్నారు. పెద్దలు ఇంకా కథలు చెబుతున్నారు. ఒకప్పుడు వియన్నా నుంచి వచ్చినవారు చేసిన నమోదును ఇప్పుడు ఈ ఊళ్లవారే తమ భాషలో చేయగలరు. ఆలస్యమైతే ఏమవుతుందో సెల్క్‌నామ్‌ల చరిత్ర చెబుతూనే ఉంది.

ఒక చూపులో ఆంత్రోపోస్

1906: మోడ్లింగ్‌లో పత్రిక ప్రారంభం.
1907: ఆంత్రోపోస్ అక్షరమాల ప్రకటన.
1931: ఆంత్రోపోస్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పాటు.
1938: ఆస్ట్రియా ఆక్రమణ, సంస్థ స్విట్జర్లాండుకు తరలింపు.
1950: ముంబయిలో భారత శాఖ.
1954: వ్యవస్థాపకుడు ష్మిట్ మరణం.
1962: జర్మనీలోని సాంక్ట్ ఆగస్టిన్‌కు సంస్థ మార్పు.